అలికిన అర్ర

పైకి పోతరా తమ్మీ? పోండ్రి, నేనెందుకు ఆపుత. కాని పొద్దు చూసుకొని పోండ్రి. ఐదున్నర దాటినంక ఆ మూడో అర్ర దిక్కు మాత్రం పోకుండ్రి.

చిట్యాల కెళ్లి ఈ బాట పట్టి వచ్చెటోళ్లను ఎవలనన్న అడుగుండ్రి. బోడగుట్ట మీద జోగులర్రలు అన్నరంటె చాలు, మాట మారుస్తరు. మేకలోళ్లు నాలుగు గొట్టంగనే మందను దించుకుంటరు. మా ఐలేశ్ ఉన్నడు, ఆటో నడుపుతడు, మీ అసొంటోళ్లను గుట్ట దాక తెస్తడు. పొద్దూకినంక ఎంతిస్తమన్నా ఈ దిక్కు రాడు. ఇంతింత మీసాలున్నయి వానికి, దేనికో మరి.

ఆడ సప్పుడు వినవడ్తది. గర్... గర్... అని. ఎవరో గోటితోని నేలను గీకినట్టు. జర సేపు ఆగుతది... మళ్ల మొదలైతది.

నేను దెయ్యాలను నమ్మ. మా ఇంట్ల ఆ మాటనే ఎత్తనియ్య. కాని ఆ సప్పుడు నేను కూడ విన్న, ఈ బల్ల మీదనే కూసోని. గాలి ఇటు మళ్లిన దినం కిందిదాక వస్తది.

కూసోండ్రి, చాయ్ పోస్త. నా పేరు లతీఫా బేగం. ఈ కొట్టు పెట్టి పదకొండేండ్లాయె, గుట్టను తవ్వక ముందు సంది ఉన్న ఈడ. నేను చెప్పేదంత మా ఊరి రేణుక నోట విన్నదే. సొంతంగ ఒక్క ముక్క కలుపుత లేను.

పైన ఏమున్నదో ఫోన్ల చూసే వచ్చుంటరు. ఎనకట బుద్ధుని జోగులు ఉండెటోళ్లంట. గుండ్రంగ ఇటుకల దిబ్బ ఒకటి, రాతిని తొలిచిన నీళ్ల తొట్టి ఒకటి, ఓ వరుసల చిన్న చిన్న అర్రలు. మనిషి పండుకుంటె కాళ్లు గోడకు తాకుతయి, గంతే జాగా. నాలుగేండ్ల కింద తవ్వే దాక గదంత మన్ను, తుమ్మచెట్లు. లోపల ఇండ్లున్నయని ఎవలకు తెలుసు?

తవ్వకానికి మా ఊరోళ్లే కూలికి పోయిన్రు. అండ్ల రేణుక ఒకామె. మనిషి సన్నగుంటది, పని మాత్రం ఇద్దరి పని చేస్తది. ఆమె పెనిమిటి నరేశ్ బండి మీదికెళ్లి పడి, నడుము ఇరిగి మంచంల ఉన్నడు. ఇద్దరు ఆడపిల్లలు. ఆ కూలి లేకపోతె ఆ ఇంట్ల పొయ్యి మండదు.

రాత్రి కాపలకు పోశాలు ఉండె. అరవై దాటిన మనిషి. ఎండకాలం గూడ గొంగడి ఇడువకపోతుండె. పిల్లల్లేరు, భార్య కనకలక్ష్మి ఒక్కతే. ఆమెకు నోరు పెద్దది, ఆయనకు అసలు నోరే లేదు. మంచిగనే సరిపోయిన్రు ఇద్దరు.

ఒక దినం మూడో అర్రల మన్ను తీస్తుంటె నేల బయటపడ్డది. మట్టితోని అలికిన నేల. దాని మీద ఒక పాదం గుర్తు... మడిమె, ఐదు ఏళ్లు, అన్నీ సాఫ్ కనవడ్తున్నయంట. తవ్వకాల పెద్దసారు మోకాళ్ల మీద కూసోని అట్లనే చూసుకుంట ఉండిపోయిండు. “రెండు వేల ఏండ్ల కింద ఎవరో తడి అలుకు మీద కాలు పెట్టిండు” అన్నడంట. కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నడంట.

ఆ యాళ్ల రేణుక అవుతలి దిక్కు మన్ను గంపలు మోస్తున్నది. మొగోళ్లంత ఆ అర్ర చుట్టు మూగిన్రు, లోపల ఏమెల్లిందో ఆమె దాక రాలె. పోశాలు ఇంటికాడ నిద్రల ఉన్నడు. ఇద్దరికీ పాదం సంగతి ఎవలు చెప్పలె.

మాపటికి సారు అందరికి ఒకటే మాట చెప్పి పోయిండు. “రేపు హైదరాబాద్ నుంచి పెద్దోళ్లు వస్తున్నరు. జాగా నీటుగ ఉండాలె.”

నీటుగ అంటె ఏంది తమ్మీ? మీరైతె చెత్త ఎత్తుడు అనుకుంటరు. రేణుక మా ఊరి పిల్ల. ఇంటికి పెద్దోళ్లు వస్తున్నరంటె ఆకిలి ఎట్ల పెట్టాల్నో ఆమెకు ఒకలు చెప్పేదున్నదా? తెల్లారక ముందే లేచి బకెట్ల పెండ, ఎర్రమన్ను ఏసుకొని గుట్టెక్కింది. పోశాలు తొట్టిలకెళ్లి నీళ్లు ముంచి ఇచ్చిండు. కలిపింది. మూడో అర్రల కూసోని అలుకుడు మొదలువెట్టింది.

నడుమ ఒక అడుగు కనవడ్డది. ఎవడో కూలోడు తొక్కిండు అనుకున్నది. అలుకు మీద అడుగు పడితె ఆమె అత్త ఎట్ల తిడుతుండెనో ఆమెకు యాదికున్నది. చెయ్యి దానంతట అదే పోయింది... సదిరింది. చిన్నప్పటి సంది చేస్తున్న పని గదే.

గడపకు రెండు దిక్కుల ముగ్గేసింది. పోశాలు చూసి మురిసిండంట. “బుద్ధుడు గూడ సంబురపడ్తడు బిడ్డా” అన్నడంట.

పదింటికి కార్లు వచ్చినయి. సారు ముందుగాల నడిచిండు. అర్ర ముందట ఆగిండు... ఎంతసేపు ఆగిండో ఎవలకు తెల్వదు.

“ఎవరు?” అని అడిగిండు. అరవలె. అరిస్తె బాగుండు అక్కా, అన్నది రేణుక నాతోని.

ఆమె గోళ్లల్ల ఇంక పెండ ఉన్నది. చేతులు కొంగుల దాసుకున్నది. నేనే అంటె కూలి పోతది. మంచంల మొగడు, బడికి పోయే పిల్లలు... నోరు తెరిచింది గాని మాట ఎల్లలె.

“నేనే సార్” అన్నడు పోశాలు.

“ముగ్గు గూడ నువ్వే ఏసినవా?”

“ఏసిన సార్.”

సారు ఆయన దిక్కు చూసిండు. ఆడోళ్ల దిక్కు చూసిండు. నమ్మలే కావచ్చు. కాని వచ్చిన పెద్దోళ్ల ముందట ఒక పేరు చెప్పాలె, ఒక పేరు దొరికింది. ఆ మాపటికే పోశాలును పనిలకెళ్లి తీసేసిన్రు. పాదం ఉన్న కాడ అలుకును జరంత గీకి చూసిన్రు, జాడ లేదు. ఇగ లాభం లేదని అర్ర మీద రేకులు కప్పి వదిలేసిన్రు.

నెల తిరగంగనే రాత్రి కాపల తీసేసి, కింది గేటు కాడ కాపల పని రేణుకకే ఇచ్చిన్రు. వద్దనే హిమ్మత్ ఆమెకేడిది?

పోశాలు మిర్పకల్లాల కాడ కాపలకు పోయిండు. చలిల, మంచుల, ఆ గొంగడి ఒక్కటే. బాట మీద రేణుక ఎదురైతె ఒక్కటే అడిగెటోడంట, “పిల్లలు బడికి పోతున్నరా బిడ్డా?” అని. ఆమె నేల దిక్కు చూసుకుంట తల ఊపేది. ప్రతిసారి అనుకునేది, ఇయ్యాల పోయి సారుకు చెప్త, కనకలక్ష్మత్తకు చెప్త అని. ఇంటికి వచ్చేది. పిల్లలకు బువ్వ పెట్టేది. రేపు చెప్త అనుకునేది.

రెండేండ్లు గట్లనే అయినయి. దగ్గు పట్టింది ఆయనకు. దవాఖానల నెల దినాలున్నడు. పోయినేడు శివరాత్రి ముందు పాణం పోయింది. రేణుక సావుకు పోయింది గాని ఏడ్వలేదంట. ఏడ్చేటందుకు గూడ మొఖం లేదక్కా, అన్నది.

ఆ వానకాలం సంది పైన సప్పుడు మొదలైంది.

ఊరికి ఇంత దొరికితె అంత చేస్తది గద. పోశాలే అన్నరు. తను అలికిన అలుకు తనే గీకుతున్నడు, పాదం ఎల్లే దాక ఈ గుట్ట ఇడువడు అన్నరు. ఒకడు గొంగడిని చూసిన అన్నడు, ఇంకొకడు దగ్గు విన్న అన్నడు. అందరు నమ్మిన్రు.

అది పోశాలు అలికిన అలుకు కాదని రేణుకకు తెలుసు. ఆమె భయం ఊరి భయం లెక్క కాదు. దెయ్యమై వచ్చి గూడ నా తప్పే మోస్తున్నడా అని ఆమె కుమిలిపోయేది. ఆరు గొట్టంగనే ఎనకకు చూడకుంట దిగి, గేటుకు తాళమేసేది.

పోయిన కార్తీకంల ఒక దినం జనగామ నుంచి ఒక పిల్ల వచ్చింది. దీప అని, కాలేజీల చెప్తదంట. ఫోటోలు తీసుకుంట పైన్నే పొద్దు గడిపింది. ఆరున్నరకు దిగింది. సన్నగ జల్లు పడుతున్నది. ఆ పిల్ల దిగితె గేటుకు తాళమేద్దమని రేణుక ఈడ, నా కాడ నిలవడ్డది.

దీప చాయ్ తాగుకుంట అన్నది. “పైన మీ కాపలా తాత ఉన్నడు కదా... పాపం, ఎంత పిలిచినా పలకలేదు. గొంగడి కప్పుకొని, వెనక్కి తిరిగి పని చేసుకుంటనే ఉన్నడు.”

రేణుక దగ్గరికి జరిగింది.

“ఏం పని?” అని అడిగింది, మెల్లగ.

“మూడో గదిల. నేల గీకుతున్నడు.”

ఆ పిల్ల ఐలేశ్ ఆటోల పోయింది. వాడు ఆ మాట విన్నంక ఆటో ఎట్ల ఉరికిచ్చిండో చూడాలె మీరు. రేణుక మాత్రం గుట్ట దిక్కు చూసుకుంట అట్లనే నిలవడ్డది.

“పొద్దుగాల చూస్తువు గని, ఇంటికి పో” అన్న.

“లోపల ఎవలు లేకుంట చూసి తాళమేసుడు నా పని అక్కా.” రెండు అడుగులేసింది. మళ్ల ఆగింది. “ఎన్ని దినాలు తప్పించుకుంట...” అన్నది, తనతోని తాను అనుకున్నట్టు.

ఏందని నేను అడగలె.

ఎక్కింది. చేతిల ఫోన్ లైటు. మెట్లు తడిసి జారుతున్నయి. సగం ఎక్కినంక వినవడ్డది... గర్... గర్...

ఆగింది. సప్పుడు గూడ ఆగింది.

ఇంకో పది మెట్లు. మళ్ల... గర్... గర్...

ఉరుకుదమా అనుకున్నది. కాళ్లు ఎనకకు మళ్లినయంట గూడ. కాని ఇయ్యాల ఉరికితె రేపు గూడ ఉరుకాలె, ఎల్లుండి గూడ. ఆ బతుకు ఆమెకు యాష్టకొచ్చింది. పైకే నడిచింది.

ఇటుకల దిబ్బ దాటింది. మొదటి అర్ర... ఖాళీ. రెండోది... ఖాళీ. ఆడ ముక్కుకు తాకింది, తడిసిన పెండ వాసన. మూడో అర్ర గడప మీద లైటు పడ్డది.

గొంగడి.

అదే గొంగడి. కొస కాడ నిప్పురవ్వ పడి కాలిన తూటు గూడ ఉన్నది. గొంగడి కప్పుకొని ఎవరో అటు మళ్లి కూసున్నరు. ముందట ఆరిపోయిన మట్టి దీపంత. చెయ్యి మాత్రం నేల మీద ఆడుతున్నది. గర్... గర్...

రేణుక గడప అవుతలనే కూలవడ్డది. ఫోన్ చేతిలకెళ్లి జారి బోర్ల పడ్డది. చీకటి.

“మామా...” అన్నది. “గీకకు మామా. నీ చేతులు నొస్తయి.”

సప్పుడు ఆగింది.

“అలికింది నేను. ఆ అడుగును సదిరింది నేను, ముగ్గేసింది నేను. నువ్వు నీళ్లే ఇచ్చినవు. సారు అడిగిన్నాడు నా నోరు పడిపోయింది. నువ్వు నీ మీద ఏసుకున్నవు... నీ పనిల నేను చేరిన. నీ జీతం బువ్వ నా పిల్లలు తిన్నరు. నువ్వు చలిల పడి సచ్చినవు. నేను ఒక్కనాడు ఒక్కలకు చెప్పలె. నన్ను ఏమన్న చెయ్యి మామా, కాని నువ్వు పో... నా తప్పు నాకిడిచి పో.”

జల్లు సప్పుడు ఒక్కటే. రేకుల మీద.

గొంగడి కదిలింది.

“ఏమన్నవ్ రేణుకా?”

అది మొగ గొంతు కాదు.

రేణుక దేవులాడుకొని ఫోన్ తీసింది. లైటు ఎత్తింది. గొంగడిల కనకలక్ష్మి. ఎడమ చేతిల తడి గుడ్డ, కుడి చేతి గోళ్లు అరిగి నెత్తురు కారుతున్నయి. ముందట జానెడు జాగా గీకి ఉన్నది.

ఇగ ఇది దెయ్యం ముచ్చట కాదు తమ్మీ. ఇది ఆ ఒంటి ఆడిదాని ముచ్చట. మేకల బాట పట్టి ఎనక దిక్కుకెళ్లి ఎక్కేదంట, వీలైన మాపల్ల. ఆ అలుకు కింద పాదం ఉండే ఉంటది, మెల్లగ తీస్తె ఎల్తది, సారుకు చూపెడితె మొగని పేరు మీది మచ్చ పోతది... గది ఆమె ఆశ. ఎవలన్న పిలిస్తె, పట్టిస్తరని పలుకకపోయేది.

“మళ్ల చెప్పు” అన్నది కనకలక్ష్మి.

రేణుక మళ్ల చెప్పింది. సచ్చినాయన అనుకొని చెప్పినప్పుడు ఏడ్చుకుంట గడగడ చెప్పింది. బతికున్న మనిషి మొఖం చూసుకుంట ఒక్కొక్క మాట ఏరి ఏరి చెప్పిందంట.

కనకలక్ష్మి కొట్టలె. తిట్టలె. రేణుక దానికే బాధపడ్డది, నాలుగు దెబ్బలు ఏసినా బాగుండు అని.

“రెండేండ్లు బువ్వ పెట్టుకుంట తిట్టిన ఆయనను” అన్నది కనకలక్ష్మి. “ఆడిదాని పని నీకెవడు చెప్పిండు, ఉన్న పని పోగొట్టుకుంటివి అని... దవాఖానల గూడ ఇడువలె. పోయే దినం గూడ అన్న.”

“మామ ఏమనెటోడు అత్తా?”

“ఏమనలె. ఇంకింత చారు పొయ్యి, అనెటోడు.”

చేతి గోళ్లు చూసుకున్నది.

“ఆయనకు చుక్క పెట్టుడు రాదు రేణుకా. నలభై ఏండ్ల సంసారం... ఒక్కనాడు ముగ్గుపిండి ముట్టలె. నాకు తెల్వదా? తెలిసి తెలిసి ఎట్ల నమ్మిన నేను?”

రేణుక కొంగుతోని ఆమె గోళ్ల నెత్తురు తుడిచింది.

తెల్లారి రేణుక సారుకు ఫోన్ చేసి అంత చెప్పింది. ఆయన, ఇప్పుడెందుకు చెప్తున్నవమ్మా, ఆ ఫైలు ఎప్పుడో మూసిన్రు, నీ పని నువ్వు చేసుకో అన్నడంట. ఊరందరి ముందట గూడ చెప్పుకున్నది. కొందరు ఉమ్మేసిన్రు, కొందరు పోనీ అన్నరు. పని ఉన్నది, జీతం వస్తున్నది. ఏమన్న ఇయ్యబోతె కనకలక్ష్మి తీసుకోదు.

ఆమె ఇప్పుడు గూడ గీకుతనే ఉన్నది. పాదం లేదని తెలిసే గీకుతున్నది. రేణుక గేటు తీసి పంపుతది, కింద కూసోని ఉంటది, ఆమె దిగినంక తాళమేస్తది. అందుకే మీకు పోకుండ్రి అన్న. మీరు పోతరు, గొంగడిని చూస్తరు, దెయ్యమని వీడియో తీసి పెడ్తరు. ఆ ముసలామెకు గది గూడ కావాల్నా?

ఇంకింత పోస్త, ఆగుండ్రి. ఒక మాట మిగిలింది.

ఆ రాత్రి ఇద్దరు దిగి వచ్చినంక రేణుక పిల్లల కాడికి పోయింది. కనకలక్ష్మి ఈడనే కూసున్నది, ఈ బల్ల మీద. చాయ్ పోసిన. ముట్టలె. గొంగడిలకెళ్లి నా దిక్కే చూసుకుంట ఉన్నది.

“లతీఫా... నువ్వు తెల్లారగట్ల ఫజర్ నమాజ్ కాంగనే కొట్టు తెరుస్తవ్ గద?”

“తెరుస్త.”

“బకెట్టు పట్టుకొని ఎక్కాల్నంటె ఈ బాటనే గద?”

నేను పొయ్యి దిక్కు మళ్లిన. పాలు పొంగుతున్నయి... దించిన.

“ఆ దినం ఎవలు పోయిన్రో నీకు కనవడలేదా?”

“మబ్బుల చీకట్ల ఏం కనవడ్తది కనకలక్ష్మి” అన్న.

నమ్మింది. లేచి, తాగని గ్లాసు పక్కకు పెట్టి, మెల్లగ నడిచి పోయింది.

కనవడ్డది తమ్మీ. బకెట్టు కనవడ్డది, రేణుక కనవడ్డది. “ఇంత పొద్దుగాల ఏడికే?” అని పలకరించింది గూడ నేనే. “పెద్దోళ్లు వస్తున్నరు అక్కా, పైన జర అలుకుత” అని చెప్పింది. ఆ మాపు పోశాలు పని పోయి గొంగడి భుజాన ఏసుకొని ఈ కొట్టు ముందటికెళ్లే నడిచిండు. సార్లకు చాయ్ పోసేది నేను, నడుమల నాకెందుకు అనుకున్న. తల ఎత్తకుంట గ్లాసులు కడిగిన.

నాకు తెలుసని రేణుకకు తెలుసు. ఊరందరి ముందట తన తప్పు చెప్పుకున్ననాడు గూడ ఆమె నా పేరు ఎత్తలె. కనకలక్ష్మి రోజు గుట్ట దిగి వచ్చి, ఈ బల్ల మీద కూసోని, నేను పోసిన చాయ్ తాగి పోతది. నాతోని మంచిగ మాట్లాడ్తది. ఇయ్యాల గూడ వస్తది.